చుక్కలు పెట్టిన సైకిలు

రొయ్యల ట్రేలో పై వరస చూసి కొన్నవాడు బాగుపడిన దాఖలా లేదు. పైన ముప్పై కౌంటు రొయ్యలు పెళ్ళికొడుకుల్లా మెరిసిపోతూ ఉంటాయి. చెయ్యి అడుగుదాకా పోనిస్తే అప్పుడు తెలుస్తుంది, కింద ఉన్నవన్నీ అరవై కౌంటువని. కిలోకి ఎన్ని తూగుతాయన్నదే కౌంటు. అంకె పెరిగిన కొద్దీ రొయ్య చిన్నదన్నమాట. దరియాలతిప్ప దగ్గర రొయ్యలు కొనే షెడ్డులో పదకొండేళ్ళుగా నా పని ఆ అడుగుదాకా చెయ్యి పెట్టి చూడటమే. తడి గోనె కింద ఐసు ముక్కలు దాచినవాళ్ళని పట్టుకున్నాను, నీళ్ళు ఎక్కించిన రొయ్యని నొక్కి చూసి వెనక్కి పంపాను. "విజయలక్ష్మి చెయ్యి పెడితే రొయ్య కూడా నిజం చెప్పేస్తుంది" అంటాడు మా ఆయన ప్రసాద్. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ నాకు అనుమానమే.

నా గురించి ఇంత ఎందుకంటే, నేను చెప్పబోయేది సైకిళ్ళ సాల్మన్ గురించి. అతన్ని నేను రెండేళ్ళపాటు అనుమానించాను. ఏది ఎప్పుడు అనుకున్నానో ఆ వరసలోనే చెబుతాను, తర్వాత తెలిసింది తర్వాతే చెబుతాను. మీరూ నాతో పాటు కాసేపు అనుమానించండి. ఆ పాపం నా ఒక్కదానికే ఎందుకు?

సాల్మన్‌కి అరవై దాటి ఉంటాయి. ఇల్లు మెట్టకూరులో, షాపు యానాం దారిలో ఫరంపేటలో. షాపంటే పెద్దగా ఏమీ లేదు. పైన రేకులు, గోడకి వేలాడే టైర్లు, ఒక బల్ల, సామాను కదలకుండా పట్టడానికి బల్లకి బిగించిన ఇనప వైసు, కూర్చోవడానికి ఒక బెంచీ. ఆదివారం మూసేసి తెల్ల చొక్కా వేసుకుని చర్చికి వెళతాడు. మిగతా ఆరు రోజులూ నల్లటి చేతులతో కనిపిస్తాడు. మాట తక్కువ. ఏమడిగినా "ఆయ్" అంటాడు. ఆ ఒక్క మాటలో ఔనూ ఉంటుంది, కాదూ ఉంటుంది, నీ ఇష్టం అనే విసుగూ ఉంటుంది. తక్కువ మాట్లాడేవాళ్ళ మీద నాకు ముందునుంచీ నమ్మకం తక్కువ.

అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. సైకిల్లోంచి ఏ సామాను తీసినా సొట్టలు పడిన అల్యూమినియం పళ్ళెంలో పెట్టి మన ముందుకు తోస్తాడు. చక్రం ఇరుసులోని పాత బాల్సు, అరిగిన బ్రేకు రబ్బర్లు, వంగిన స్పోకు, అన్నీ అందులోనే. "మీయేనండి, చూసుకోండి" అంటాడు. ఊళ్ళో వాళ్ళు దాన్ని నిజాయితీ అనేవారు. నాకు మాత్రం అడగకుండానే చూపించేవాడు దేన్నో చూపించకుండా ఉండటానికే అలా చేస్తున్నాడేమో అనిపించేది.

మా అమ్మాయి సాయిదివ్య ఇంటర్లో చేరినప్పుడు సైకిలు కొన్నాం. దరియాలతిప్ప నుంచి గట్టు రోడ్డు మీదుగా యానాం వెళ్ళి రావాలి. ఆ రోడ్డులో ఇసుక లారీలు, రొయ్యల వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. కాకినాడ వెళ్ళి వంగపండు రంగు సైకిలు తెచ్చాను. మెరుపు స్టిక్కర్లు, ముందు బుట్ట, హ్యాండిల్‌కి కుచ్చులు. హ్యాండిల్ సరిచేయించడానికి సాల్మన్ దగ్గరికి తీసుకెళితే అతను దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రంగు బాగుందండి" అన్నాడు.

"ఏం, మిగతాది బాగోలేదా?"

"నేనేం అన్లేదండి."

తర్వాత ఒక పురికొస తీశాడు. వెనక చక్రం బిగించే చోట ఒక పక్క కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకి తెచ్చి ముడేశాడు. సీటు కింది గొట్టానికి, దారానికి మధ్య ఎంత ఖాళీ ఉందో వేళ్ళు పెట్టి చూశాడు. ఒక పక్క రెండు వేళ్ళు పట్టాయి, ఇంకో పక్క రెండున్నర.

"పుట్టుకతోనే పక్కకి చూత్తందండి ఇది" అన్నాడు.

దారం వదులుగా కట్టి నాటకాలాడుతున్నాడనుకున్నాను. ఇలా వంకలు పెట్టి ఏదో అంటగట్టడం బేరగాళ్ళందరికీ అలవాటే. "అయితే మంచి సైకిలు ఎలా ఉంటుందో మీరే చూపించండి" అన్నాను, కాస్త ఎగతాళిగానే.

గోడకి ఆనించిన తన సైకిలు తెచ్చాడు. నల్లది, దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఒక్కో సామానూ ఎక్కడెక్కడో ఏరి తెచ్చి ఏళ్ళ తరబడి తనే కట్టుకున్నాడట. ముందు చక్రం గాల్లోకి లేపి వేలితో ఒక్క తోపు తోశాడు. అది చాలాసేపు తిరిగింది. ఆగబోయేముందు వెనక్కీ ముందుకీ ఊగి, గాలి కొట్టే వాల్వు సరిగ్గా అడుగుకి వచ్చాక నిలబడింది. మా చక్రం తిప్పితే నాలుగు చుట్లు తిరిగి, ఎక్కడున్నది అక్కడే బిగుసుకుపోయింది. తర్వాత రెండు సైకిళ్ళనీ నాలుగు వేళ్ళ ఎత్తు లేపి నేలమీదకి వదిలాడు. నల్లది ఒకే ఒక్కసారి దబ్బుమంది. మాది మడ్‌గార్డు దగ్గర ఒక రకంగా, చైను దగ్గర ఒక రకంగా, ఇంకెక్కడో లోపల మరో రకంగా మోగింది.

"మంచి సైకిలు మాట్టాడదండి" అన్నాడు. అక్కడితో ఊరుకుంటాడనుకున్నాను, ఆపలేదు. "గొట్టం గొట్టం కలిసేసోట తొడుగేసి, లోపలికి ఇత్తడి దిగేలా పోత్తారు. అతుకు లోపలుంటది, బయటికి కనపడదు. మీదానికి వెల్డింగు పైపైన పెట్టి రంగు కొట్టేశారు."

పైన పటారం, లోన లొటారం అని నా సైకిల్ని అన్నట్టే కదా. అది విని నాకు కోపం వచ్చింది. కోపంతో పాటు, ఆ నల్ల సైకిలు నాకు అమ్మాలని చూస్తున్నాడన్న అనుమానమూ వచ్చింది. అమ్ముతానని అతను ఒక్కసారి కూడా అనలేదు. అనలేదంటే బేరం బిగిస్తున్నాడన్నమాట.

నాలుగు నెలల తర్వాత చైను సాగిపోయిందని, మార్చాలని అన్నాడు. నేను మారు మాట్లాడకుండా సైకిలు యానాం బజారులో ఇంకో షాపుకి తీసుకెళ్ళాను. అతను చూసి ఇంకో ఏడాదికి ఢోకా లేదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పనిగట్టుకుని ఫరంపేటలో ఆగాను. షాపు దగ్గర ఐదుగురు ఉన్నారు. వాళ్ళందరూ వినేలా ఆ మాట చెప్పాను. సాల్మన్ గుడ్డతో చేతులు తుడుచుకుని "ఆయ్" అన్నాడు. ఆ రోజు నుంచి మా సైకిలుకి ఏం జబ్బుందో నాకు చెప్పడం మానేశాడు. చెప్పిన పని చేసేవాడు, పళ్ళెం ముందుకు తోసేవాడు, అంతే.

ఆరు వారాలకి చైను తెగింది. అతనే ఏదో చేసి ఉంటాడనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. భూతమైతే వేపమండలకి దిగుతుంది, ఇది దేనికీ దిగదు.

ఇంకో అనుమానం కూడా ఉండేది. రోజూ మధ్యాహ్నం సాల్మన్ భార్య హన్నా క్యారేజీ పట్టుకొచ్చేది. సన్నటి మనిషి. గడ్డం మీద అడ్డంగా పెద్ద మచ్చ. నోరు పూర్తిగా తెరుచుకోదు, మాట ఒక పక్కనుంచి వస్తుంది. మొగుడు కొట్టి ఉంటాడనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? షెడ్డులో నా పక్కన రొయ్యలు వేరుచేసే బుల్లెమ్మతో అన్నాను. బుల్లెమ్మతో అంటే మైకులో అన్నట్టే.

మొన్న వేసవి సెలవులయ్యాక, దివ్య యానాంలోనే డిగ్రీలో చేరిన కొత్తలో, దాని సైకిలు ముందు వైపు కిర్రుమనడం మొదలుపెట్టింది. బ్రేకు వేసినప్పుడు ఇంకా ఎక్కువ. బజారులో షాపతను పెళ్ళికని ఊరెళ్ళాడు. తప్పక సాల్మన్‌కే ఇవ్వాలి. ఇచ్చేముందు దివ్య నెయిల్‌పాలిష్ సీసా తీశాను. ఎర్రది. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, సామాను మారిస్తే తెలిసేలా, ఎవరికీ కనిపించని చోట్ల చుక్కలు పెట్టాను. పెడళ్ళ వెనక రెండు, చక్రాల మధ్య హబ్బుల మీద ఒక్కొక్కటి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకి మూడు. కాళ్ళ లోపలివైపు చెరొకటి, రెండు కాళ్ళూ కాడతో కలిసేచోట అడుగున ఒకటి. మొత్తం ఏడు. ట్రేకి అడుగున చూడటం తెలిసినదాన్ని, అడుగున దాచడం తెలియదా?

"అమ్మా, ఇది టూ మచ్" అంది దివ్య.

"నువ్వు చదువుకో" అన్నాను.

గంటలో చేసే పనికి సాల్మన్ రెండు రోజులు తీసుకున్నాడు. మూడో రోజు వెళితే సైకిలు సిద్ధంగా ఉంది, పళ్ళెం మాత్రం బల్ల కింద ఖాళీగా ఉంది.

"తీసిన సామానేదండి?" అన్నాను.

"బాల్సు మార్చానండి. పారేశాను." నా మొహం చూడకుండా చెప్పాడు. బాల్సుకీ గ్రీజుకీ తప్ప దేనికీ డబ్బులు తీసుకోలేదు. తక్కువ తీసుకున్నాడంటే ఎక్కువే కొట్టేశాడని నా లెక్క.

ఇంటికొచ్చి సైకిల్ని తిరగేశాను. చుక్కలు నాలుగే ఉన్నాయి. ఫోర్కువి మూడూ లేవు. ఫోర్కే మారిపోయింది. రంగు వంగపండు రంగే కానీ కుంచెతో వేసింది, ఇంకా వాసన వస్తోంది. గోరుతో గీకితే కింద నలుపు. నా ఫోర్కు నొక్కేసి, ఎక్కడిదో పాతది తగిలించి, పైన రంగు పూశాడు. పదకొండేళ్ళ అనుభవంలో దొంగని అంత సాక్ష్యంతో పట్టుకోవడం అదే మొదటిసారి. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు కోపం కంటే సంతోషమే ఎక్కువ కలిగింది.

వెంటనే వెళ్ళి కడిగేద్దామంటే దివ్య అడ్డుపడింది. "వద్దమ్మా. బండి సూపర్ స్మూత్‌గా వెళ్తోంది. హ్యాండిల్ వదిలేసినా స్ట్రెయిట్‌గా పోతోంది. ఆ కిర్రు కూడా లేదు."

హ్యాండిల్ వదిలినందుకు దానికి రెండు తగిలించాను. మిగతా మాటలు చెవిన వేసుకోలేదు. షెడ్డులో మాత్రం చెప్పాల్సిందంతా చెప్పాను. అక్కడ పనిచేసే ఆడవాళ్ళవి పదకొండు సైకిళ్ళు. వారం తిరగకుండా పదకొండూ బజారు షాపుకి మళ్ళాయి. వాళ్ళ అన్నదమ్ములవీ, తోటికోడళ్ళవీ వాటి వెనకే వెళ్ళాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో వాళ్ళందరివీ పిడికెళ్ళే, బస్తా మాత్రం నాది.

అటు వెళ్ళినప్పుడల్లా షాపు మీద ఓ కన్నేసేదాన్ని. సాల్మన్ మెట్టకూరు నుంచి నడిచి వస్తున్నాడు. నల్ల సైకిలు గోడకే ఆని ఉంది, ముందు భాగానికి గోనెసంచి చుట్టి ఉంది. ముక్కలుగా అమ్ముకుంటున్నాడు కాబోలు, దొంగసొత్తు ఎన్నాళ్ళు నిలుస్తుందిలే అనుకున్నాను. షాపు ముందు ఒక్క సైకిలు కూడా ఉండేది కాదు. అతను బెంచీ మీద కూర్చుని ఖాళీ చక్రం ఒకటి ఒళ్ళో పెట్టుకుని స్పోకులు బిగిస్తూ ఉండేవాడు. బిగించి, విప్పి, మళ్ళీ బిగించేవాడు.

నెల గడిచాక బుల్లెమ్మ కబురు తెచ్చింది. "సాల్మన్ షాపు ఎత్తేత్తాడంట. ఇల్లు కూడా ఖాళీ చేసేసి ఆళ్ళావిడ పుట్టింటికి పోతారంట."

నా ఫోర్కుతో ఉడాయిస్తున్నాడన్నమాట. ఇక ఆగలేదు. మధ్యాహ్నం పని వదిలేసి, దివ్య సైకిలు నేనే తొక్కుకుంటూ ఫరంపేట వెళ్ళాను. సాల్మన్ అన్నం తింటున్నాడు. హన్నా పక్కన నిలబడి మజ్జిగ పోస్తోంది.

"మా బండికి ఫోర్కు మార్చావా లేదా?" అన్నాను. అంతకుముందు 'మీరు' అనేదాన్ని. ఆ రోజు దొంగకి మర్యాదేంటనిపించింది.

అతను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "మార్చానండి."

"నా ఫోర్కు నాకియ్యి."

"ఇవ్వనండి."

"ఎందుకివ్వవు?"

"ఇత్తే మీరు బజార్లో ఇంకోడి చేత బిగించేత్తారు."

"నా బండికి నా ఫోర్కు బిగించుకుంటే నీకేంటి? నీ తాత సొమ్మా?"

హన్నా గ్లాసు కింద పెట్టింది. "ఇచ్చెయ్యవయ్యా" అంది, నోటి పక్కనుంచి. "చూసుకోనియ్యి."

సాల్మన్ చెయ్యి కడుక్కుని, బల్ల కింద పెట్టెలోంచి న్యూస్‌పేపర్లో చుట్టిన ఫోర్కు తీసి నా చేతిలో పెట్టాడు. తిప్పి చూశాను. లోపలివైపు ఒక చుక్క ఉంది, రెండోదీ ఉంది. నా గుండె పొంగింది. మూడోదాని కోసం అడుగున చూశాను.

మూడో చుక్క రెండు ముక్కలుగా ఉంది. కత్తితో కోసినట్టు నడిమికి చీలింది. చీలిక చుక్క దగ్గర ఆగలేదు, వెల్డింగు అంచు వెంట సగం దూరం పోయింది. వెంట్రుకంత గీత. చుక్క లేకపోతే వంగపండు రంగులో అది ఏ కంటికీ కనపడదు.

"కూర్చోండమ్మా" అన్నాడు సాల్మన్. నేను కూర్చోలేదు. అతను ఫోర్కు తీసుకుని వైసులో బిగించి, ఒక కాలు పట్టుకుని చేత్తో నొక్కాడు. సుత్తి ఎత్తలేదు, బలం కూడా పెట్టలేదు. కిర్రుమంది. నెల క్రితందాకా మా ఇంటి ముందు విన్న ఆ కిర్రే. ఇంకోసారి నొక్కేసరికి కాలు ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. లోపలంతా ఎర్రటి తుప్పు. గట్టు మీద ఉప్పుగాలి ఎప్పుడో లోపలికి దారి చేసుకుంది.

అప్పుడు కూర్చున్నాను. ఆ సైకిలు మీద, ఇసుక లారీల పక్కన, రోజుకి రెండుసార్లు నా కూతురు వెళ్ళి వచ్చింది.

"మీ చుక్కే చూపించిందండి" అన్నాడు సాల్మన్. "రంగు మీద గీత ఆనలేదు. చుక్క చిట్లినట్టుందేంటా అని గోకి చూత్తే కనపడింది."

బ్రష్షు పట్టుకుని ఆ చోటునే వంగి చూశాను నేను. దొంగ దొరికే చోటు కోసం చూశాను తప్ప అక్కడ ఏముందో చూడలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

అతని బదులు హన్నా పలికింది. "చెప్తే నమ్మేదానివా అమ్మా? చైను సాగిందంటేనే ఊరంతటికీ చెప్పావు. ఫోర్కు చిట్లిందంటే, నువ్వే చిట్లగొట్టావంటావు. లేకపోతే కొత్తది అమ్మడానికంటావు. బండి తీసుకుని బజారుకి పోతావు, ఆడు దానికింకా ఏడాది ఢోకా లేదంటాడు. మీ పిల్ల దాని మీదే ఎల్లుద్ది." గడ్డం మీద మచ్చ తడుముకుంది. "పెళ్ళైన కొత్తల్లో ఈయనా ఓటి కొన్నాడు నాకు. ఎర్రగా మెరిసిపోతందని. అప్పుడీయన రైసుమిల్లులో పని. మెట్టకూరు కల్వర్టు కాడ ముందు చక్రం దాని దారిన అది పోయింది, నా దారిన నేను పోయాను. పళ్ళు రాలి, దవడ ఇరిగింది. ఎందుకు ఇరిగిందో కనుక్కొత్తానని సైకిలు షాపుకెల్లిన మనిషి, ఇంక అందులోనే ఉండిపోయాడు."

ఆ మచ్చ గురించి నేను బుల్లెమ్మతో అన్న మాట గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. తల ఎత్తలేక గోడవైపు చూశాను. గోనెసంచి జారిపోయి ఉంది. నల్ల సైకిలుకి ముందు ఫోర్కు లేదు.

"మీదే వేశారా?" అన్నాను.

"బజార్లో వచ్చేయన్నీ మీదాని అన్నదమ్ములేనండి" అన్నాడు సాల్మన్. "ఇది గట్టిది. కాడ పొడుగుంటే కోసి, మర తీసి బిగించాను."

"తీసి మళ్ళీ మీదానికి పెట్టేయండి. దివ్యని బస్సులో పంపుతాను."

"కోసేశాను కదండీ. ఇంక దీనికి పట్టదు." ఊడిన కాలుని పళ్ళెంలో పెట్టి, రెండో కాలుతో ఉన్న ముక్కని కూడా పెట్టి, పళ్ళాన్ని నా ముందుకు తోశాడు. "మీయేనండి. చూసుకోండి." చేతులు తుడుచుకుంటూ, "రొయ్యల ట్రేలో అడుగుదాకా చెయ్యి పెడతారంట కదా మీరు. సైకిలు మాత్రం పై వరస చూసి కొన్నారు" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, నాకూ కోపం తెచ్చుకోవడానికి ఓ వంక దొరికేది.

షాపు నిజంగా ఎత్తేస్తున్నారా అని అడిగాను. పని లేకపోతే ఏం చేస్తామమ్మా అంది హన్నా. ఈ నెల చూస్తానన్నాడు సాల్మన్.

మర్నాడు విరిగిన ఫోర్కుని సంచిలో వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. ట్రేల పని మొదలవకముందే అందరినీ పిలిచి బల్లమీద పెట్టాను. చీలిన చుక్క చూపించాను, తుప్పు చూపించాను, వైసులో నొక్కితే కాలు ఎలా ఊడిందో చెప్పాను, నాది తప్పని చెప్పాను. హన్నా మచ్చ గురించి నేనన్నది అబద్ధమని కూడా చెప్పాను. పదకొండు మంది ఆడవాళ్ళూ ఫోర్కుని చేతులు మార్చుకుంటూ చూశారు. చివరికి బుల్లెమ్మ దాన్ని బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"ఎంతిచ్చాడేంటి సాల్మన్?"

"ఏంటే ఆ మాట?"

"కాదొదినా, నిన్నటిదాకా దొంగన్నావు. ఒక్క పూటలో దేవుడైపోయాడు. వైసులో పెట్టి నొక్కితే ఏదైనా ఇరుగుద్ది. తుప్పంటావా, నెల రోజులు ఉప్పునీళ్ళలో పడేత్తే సరి."

ఇంకొకామె చుక్క చూసి, బ్లేడుతో గీసినట్టుందంది. అవన్నీ నా మాటలే. నేనైతే సరిగ్గా అలాగే అనేదాన్ని, అదే వరసలో. పదకొండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను, బాగానే వచ్చింది.

ఆ తర్వాత రోజుకి ఒకరి చొప్పున బతిమాలాను. మా ఆయన కూడా నవ్వాడు. రెండు వారాలు ఎవరూ కదల్లేదు. సాల్మన్ నడిచి వస్తూనే ఉన్నాడు, నడిచి వెళుతూనే ఉన్నాడు. గట్టు మీద దివ్య అతని పక్కనుంచి వెళ్ళేటప్పుడు చప్పుడు లేక అతనికి తెలియదట. బెల్లు కొడితే పక్కకి జరిగి, సైకిలు దాటి పోయేదాకా చెవి అటు పెట్టి నిలబడతాడట.

నెలాఖరుకి మూడు రోజులుందనగా బుల్లెమ్మ సైకిలు వెనక చక్రం ఊగులాడటం మొదలుపెట్టింది. బజారు షాపతను రెండుసార్లు బిగించినా ఆగలేదు. "నాకియ్యవే, నేనే తీసుకెళ్ళి తెస్తాను, పోయిందేమైనా ఉంటే నాది పూచీ" అన్నాను. బుల్లెమ్మ ఊగే చక్రాన్ని ఓసారి కాలితో తోసి చూసింది.

"ఇత్తాను గానీ" అంది, "నీ ఎర్ర రంగు సీసా ఓసారియ్యి."

ఇచ్చాను. ఊరికి నేర్పినదాన్ని, కాదనే మొహం ఎక్కడిది నాకు? సైకిల్ని తిరగేసి తొమ్మిది చుక్కలు పెట్టింది. నాకంటే రెండు ఎక్కువ.

దాన్ని నడిపించుకుంటూ ఫరంపేట వెళ్ళాను. షాపులో టైర్లు గోడమీద నుంచి దింపి కట్టలు కట్టి ఉన్నాయి. సాల్మన్ సైకిలు అందుకుని తలకిందులుగా నిలబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో చుక్కా చూశాడు. నా తల వంగిపోయింది. ఇది నేను పెట్టినది కాదని చెప్పబోయి మానేశాను. ఎవరు పెడితే ఏంటి?

"తొమ్మిదండి" అన్నాడు. "బానే పెట్టారు. చిట్లితే తెలుత్తది."

సైకిల్ని మామూలుగా నిలబెట్టి, నాలుగు వేళ్ళ ఎత్తు లేపి వదిలాడు. అతను విన్నాడు, నేనూ విన్నాను. అది చాలా మాట్లాడింది. సాల్మన్ బల్ల కిందనుంచి పళ్ళెం తీసి, గుడ్డతో తుడిచి, బెంచీ మీద నా పక్కన పెట్టాడు. పానా చేతిలోకి తీసుకున్నాడు కానీ పని మొదలుపెట్టలేదు. నావైపు చూశాడు.

"ఏం పాడైందో చెప్పమంటారా అండి?"

రెండేళ్ళ క్రితం ఐదుగురి ముందు నేనే మూయించిన నోరు అది.

"చెప్పండి బాబాయ్‌గారూ" అన్నాను.

అతను వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, హబ్బు దగ్గరనుంచి మొదలుపెట్టాడు.